కమిషన్‌కు చెప్పని సాక్ష్యం

నిజం కనుక్కోవడానికి ప్రభుత్వం వేసిన ఒక కమిషన్‌లో నేను కొన్నేళ్ళు పనిచేశాను. ఆ కాలంలో సగం కుర్చీలు వెతుక్కోవడానికి పోయింది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం వాయిదా నోటీసులు గోడలకు అతికించడానికి సరిపోయింది. ఇక నిజానికి ఎంత సమయం దొరికిందో మీరే అంచనా వేసుకోండి.

కోర్టుల్లో అనువాదకులుగా కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తారు. "మీ సర్వీసులో మరచిపోలేని కేసు చెప్పండి మేడమ్" అంటారు. టీ తాగేలోపు ముగిసే కథేదో చెప్పి పంపించేదాన్ని. ఇది మాత్రం టీతో అయ్యేది కాదు కాబట్టి రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. ఏ స్టేషనో కూడా రాయను. అడగాల్సిన చోట అడిగినప్పుడే దాని పేరు చెప్పడానికి మనుషులకు నోరు రాలేదు.

నేను బడి గడప తొక్కలేదు. మా నాయన హిందూపురంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట పలక బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాడు. ఆడపిల్లను బడికి పంపే అలవాటు మా ఇంట్లో లేదు. చదువు మాన్పించే అలవాటూ లేదు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు దిద్దించాడు, ఆ తరువాత కన్నడం, ఆ తరువాత ఇంగ్లీషు. అరబ్బీ చదవడం మా అవ్వ నేర్పింది. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. సరిహద్దులోని అగళి వైపు నుంచి కన్నడం తప్ప రాని సాక్షులు కోర్టుకు వచ్చేవాళ్ళు. వాళ్ళ పుణ్యమా అని నాకు అనువాదకురాలి ఉద్యోగం వచ్చింది. మా నాయన నేర్పిన అక్షరం నాకు జీవితాంతం అన్నం పెట్టింది. ఐదు పూటల నమాజులోనూ ఆయన కోసం దువా చేయని రోజు లేదు.

ఇక కమిషన్ సంగతి. తొంభైల మొదట్లో మా వైపు పోలీసులు విచారణకని తీసుకుపోయిన వాళ్ళలో కొందరు ఇంటికి తిరిగి రాలేదు. అడవిలో తిరిగే వాళ్ళకు అన్నం పెట్టారనో, ఒక రాత్రి చోటిచ్చారనో అనుమానం. ఇంటివాళ్ళు అర్జీలు పెట్టీ పెట్టీ అలిసిపోయాక, రెండువేల సంవత్సరం దాటాక, ఒక రిటైర్డ్ జడ్జిగారిని వేసి నిజం తేల్చమన్నారు. ఆయన కోస్తా వైపు మనిషి, పెద్దవారు, మర్యాదస్థులు. ఆయన కింద రెవెన్యూ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన ఒక కార్యదర్శి, అనంతపురం నుంచి వచ్చిన ఒక టైపిస్టు, కోర్టు నుంచి పంపిన నేను. పోలీసుల తరఫున ఒక ప్లీడరు. ఎవరు వచ్చినా రాకపోయినా ఆ ప్లీడరు మాత్రం ప్రతి వాయిదాకీ అందరికంటే ముందే వచ్చి కూర్చునేవాడు.

పని పద్ధతి ఇది. సాక్షి తెలుగులోనో కన్నడంలోనో చెబుతాడు. కన్నడమైతే నేను తెలుగు చేస్తాను. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో సంగ్రహంగా చెబితే టైపిస్టు కొడతాడు. చివర నేను ఆ ఇంగ్లీషును మళ్ళీ తెలుగు చేసి సాక్షికి చదివి వినిపిస్తాను. ఒప్పుకుంటే వేలిముద్రో సంతకమో పెడతాడు. మనిషి నోట్లో బయలుదేరిన మాట ఇన్ని వీధులు తిరిగి మళ్ళీ అతని చెవికి చేరేసరికి దాని సొంత తల్లి కూడా దాన్ని గుర్తుపట్టదు.

మొదట మాకు హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు పక్కన మేడమీద ఒక గది ఇచ్చారు. కింద గూళ్ళ వేలం. జడ్జిగారు "ఆ రోజు ఏం జరిగిందమ్మా?" అని అడిగితే కింద నుంచి వేలం కేక జవాబిచ్చేది. రెండు నెలలు ఓర్చుకుని పెనుకొండకు మారాం. అక్కడ గెస్ట్‌హౌసు బాగుండేది, గాలి, వెలుతురు, కొండ నీడ. సాక్షులకు రక్షణ కావాలని జడ్జిగారు రాస్తే ప్రభుత్వం రక్షణ పంపింది. ఎవరిని పంపింది? పోలీసులను. గేటు దగ్గర షామియానా వేసి, వచ్చిన ప్రతి మనిషినీ ఆపి, ఏ ఊరు, ఎవరి కొడుకువి, ఏం పని మీద వచ్చావు అని అడిగి రాసుకునేవాళ్ళు. పోలీసుల మీద ఫిర్యాదు చెప్పడానికి వచ్చినవాడు ముందు పోలీసులకు చెప్పి లోపలికి రావాలి.

బుక్కపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. గేటు దగ్గర కానిస్టేబుల్ "ఏం పనిమీద వస్తివప్పా?" అని అడిగాడు.

"చేపలు గావల్లేమో అడుగుదామని" అన్నాడు.

చేతిలో చేపలు లేవు. అట్లాగే వెనక్కి తిరిగి బస్సెక్కి పోయాడు. కార్యదర్శి ఆ రోజు డైరీలో "సాక్షులెవరూ హాజరు కాలేదు" అని రాశాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, "ఇన్ని అర్జీలు పెట్టినవాళ్ళు ఒక్కరూ రారేమిటి?" అన్నారు. టైపిస్టు నా వైపు చూశాడు. నేను గేటు వైపు చూశాను.

ఆ సాయంత్రం పెనుకొండ బస్టాండులో నేనూ టైపిస్టూ హిందూపురం బస్సు కోసం నిలబడి ఉన్నాము. ఒకామె వచ్చి నా పక్కన నిలుచుంది. ముప్పై దాటిన మనిషి. నుదుట పెద్ద కుంకుమ, రెండు చేతుల నిండా ఎర్ర గాజులు. చీర పాతదే గాని అంచు చూస్తే ధర్మవరం నేతని తెలుస్తుంది.

"అక్కా, నువ్వు ఆ కమిషన్లో ఉండేదానివి గదా?"

"అవునమ్మా. లోపలికి రాలేదేం?"

"యాడికొచ్చేది? మా ఆయన్ను తీసకపోయినోళ్ళలో ఒకాయప్ప ఆ గేటుకాడే కూచొనుండాడు. నన్ను చూసి, బాగుండావా అమ్మా అంటాండాడు. ఏమని చెప్పల్ల? బాగుండానని చెప్పి వస్తి."

టైపిస్టు నవ్వబోయి మానుకున్నాడు. ఆమె అతని వైపు తిరిగి, "నవ్వప్పా, ఏం గాదు. నాకే నవ్వొచ్చె" అంది.

ఆమె భర్త నేతగాడు. గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నవాణ్ణి ఒక పొద్దున వచ్చి జీపెక్కించారు. ఆ తరువాత ఆయన్ను ఎవరూ చూడలేదు. సాయంత్రమే వదిలేశామని పోలీసుల మాట. ఆమెకు కావలసింది ఒకటే. ఆ మనిషి ఏమయ్యాడో తీసుకుపోయిన వాళ్ళ నోటి నుంచి వినాలి. ఇన్నేళ్ళూ ఆఫీసుల చుట్టూ తిరిగింది దాని కోసమే.

మరుసటి రోజు టీ వేళకు జడ్జిగారికి సంగతి చెప్పాను. ఆయన టీ కప్పు పక్కన పెట్టారు. తరువాత, "నాకు తట్టలేదమ్మా" అన్నారు. అంత పెద్దమనిషి ఆ మాట అనడం నాకు ఈనాటికీ గౌరవంగానే గుర్తుంది. అయితే చోటు మార్చడం ఆయన చేతిలో లేదు. కార్యదర్శి పై ఆఫీసుకు రాయాలి. పై ఆఫీసు ఇంకో ఆఫీసుకు రాసింది. అక్కడి నుంచి "చోటు మార్చవలసిన కారణం వివరంగా తెలుపగలరు" అని వచ్చింది. వివరంగా తెలిపితే దాని మీద అభిప్రాయం కోసం ఎవరికి పంపారో తెలుసా? పోలీసు శాఖకే. పైర్లు కోతకొచ్చాయి, మళ్ళీ విత్తనాలు వేశారు. అప్పుడు ధర్మవరంలో మగ్గాల వీధిలో ఒక సత్రం హాలు ఖరారైంది. బందోబస్తును వీధి చివర టీ కొట్టు దాకా జరిపారు. అంతవరకైనా జరిగినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

ధర్మవరంలో మొదటి సాక్షి ఆమే. వాంగ్మూలం పైన సాక్షి వివరాలు నింపడంతోనే తగాదా మొదలైంది.

కార్యదర్శి చదువుతున్నాడు. "కీర్తిశేషులు..."

"సార్, ఆ మాట రాయొద్దు."

"రాయకపోతే ఎట్లమ్మా? మీ ఆయన పోయాడనే కదా నువ్వు కమిషన్‌కు వచ్చింది?"

"మా ఆయన ఏమాయనో చెప్తారని వస్తి. మీరే రాసేసుకుంటే ఇంగ నాతో ఏం పని?"

కార్యదర్శి పెన్ను కింద పెట్టాడు. కీర్తిశేషులు కాకపోతే కేసు ఎట్లా అని జడ్జిగారిని అడిగాడు. ఆ మాట కొట్టేసి ముందుకు పొమ్మన్నారు జడ్జిగారు. టైపిస్టు కాగితం మార్చి కొత్తది ఎక్కించాడు.

ఆమె చెప్పాల్సింది శుభ్రంగా చెప్పింది. ఎవరు వచ్చారు, ఏ జీపు, ఏమన్నారు, తాను ఎక్కడెక్కడ తిరిగింది. ఏడవలేదు. తరువాత ప్లీడరు లేచాడు. చెడ్డవాడని చెప్పను. నెమ్మదిగా, ముద్దుగా మాట్లాడేవాడు.

"అమ్మా, నీ నుదుట ఉండేదేమి?"

"కనపడలేదా సార్? కుంకం."

హాల్లో జనం నవ్వారు. ఆయనా నవ్వాడు.

"చేతులకు?"

"గాజులు. పోయిన పండక్కు ఏసుకుంటి."

"నీ భర్త బతికే ఉన్నాడని నువ్వే నమ్ముతున్నావు కదా మరి. మావాళ్ళు చెప్పేదీ అదే. ఆ సాయంత్రమే పంపించేశారు. బెంగుళూరుకు పోయి ఇంకో సంసారం పెట్టుకున్నాడేమో, మాకేం తెలుసు? ముత్తైదువగా కూర్చుని, మా ఆయన్ను చంపేశారని నువ్వంటే ఎట్లమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. ఆ పేచీలో ఉన్న తెలివి అట్లాంటిది. పోయాడని ఆమె చెబితే తన నోటితో తానే ఆ గాజులు పగలగొట్టుకోవాలి. బతికున్నాడంటే పోలీసుల మాటే గెలుస్తుంది. బయటికి దారి లేకుండా రెండు వైపులా గోడ కట్టి, మధ్యలో ఆమెకు కుర్చీ వేశాడు. భర్త పోయినప్పుడు మాలో ఇద్దత్ అని కొన్ని నెలలు ఇల్లు కదలకుండా ఉంటాము. మా ఆయన పోయినప్పుడు నేనూ అట్లా ఉన్నదాన్నే. దుఃఖానికి ఒక మొదలూ ఒక గడువూ ఉండటం ఎంత పెద్ద దయో నాకు తెలుసు. ఈమెకు మొదలే ఇవ్వలేదు.

ఆమె తొందరపడలేదు. గాజులు ఒకసారి వెనక్కి తోసుకుంది.

"సార్, నేను జీపెక్కిచ్చింది బతికుండే మనిషిని. నీళ్ళు తాగి పోనియ్యండప్పా అంటే గూడా ఇనలేదు. సచ్చినాడని నేనేంటికి అనల్ల? తీసకపోయినోళ్ళు గదా చెప్పాల్సింది! వాళ్ళను చెప్పమనండి. ఈన్నే, ఈ మేజా మీదనే పగలగొట్టుకుంటా. ఇవి ఆయన బతికుండాడని ఏసుకోలేదు సార్. మీరు చెప్పలేదని ఏసుకోనుండా."

పక్కింట్లో మగ్గం ఆడుతున్న శబ్దం వినిపించింది. ప్లీడరు కూర్చున్నాడు. జడ్జిగారు కళ్ళు మూసుకుని, ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పారు. టైపిస్టు కొట్టాడు.

చివర నేను చదివి వినిపించాలి కదా. ఆ వాక్యం దగ్గరికొచ్చి, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చదివాను: "నా భర్త జీవించి ఉన్నదీ లేనిదీ నాకు తెలియదు."

"ఇదెవురు చెప్పినారక్కా?"

"నువ్వు చెప్పినట్టు రాశారమ్మా."

"నేను అట్ల చెప్పలేదే!"

కార్యదర్శి వాచీ చూసుకున్నాడు. భోజనాల వేళ దాటిపోయింది. బయట డ్రైవరు హారను కొడుతున్నాడు. "అర్థం అదే కదమ్మా. వేలిముద్ర పెట్టు" అన్నాడు.

"అర్థం మీ దగ్గరే పెట్టుకోండి సార్. నేను చెప్పింది నాకు రాయండి."

వేలికి సిరా పూసి పట్టుకున్నారు. వేలు ముడుచుకుంది. కార్యదర్శి బతిమాలాడు, కసిరాడు, మళ్ళీ బతిమాలాడు. ప్లీడరు, "సాక్షి సంతకం నిరాకరించినట్టు రాసుకుంటే సరిపోతుంది సార్" అని సలహా ఇచ్చాడు. అదే గనక రాసుకుని ఉంటే ఆమె చెప్పిందంతా ఆ మధ్యాహ్నంతో గాలికి పోయేది. జడ్జిగారు నా వైపు తిరిగి, "ఆవిడ అన్నది అన్నట్టుగా, ఆవిడ మాటల్లోనే, తెలుగులో రాయండి. నా ఇంగ్లీషు కొట్టేయండి" అన్నారు. రాశాను. చదివాను. 'ఈన్నే' దగ్గర, 'మేజా' దగ్గర ఆమె తల ఊపింది. వేలిముద్ర పెట్టింది. మేము చల్లారిన అన్నం తిన్నాము.

ఇక మిగిలింది తీసుకుపోయిన వాళ్ళు చెప్పడం. ఆ రోజు స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నవాళ్ళలో ఒక హెడ్ కానిస్టేబుల్ రిటైరై పెనుకొండలోనే ఉన్నాడు. ఆయనకు సమన్లు పంపాము. "విలాసంలో లేరు" అని తిరిగొచ్చింది. మళ్ళీ పంపాము. "ఇల్లు తాళం వేసి ఉన్నది." సమన్లు అందించేది ఎవరు? అడగకండి, మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఒకరోజు టైపిస్టు వస్తూనే కుర్చీలో కూలబడి, "అక్కా, మన ఇల్లు తాళం వేసినాయన ఈ పొద్దు బస్సులో నా పక్కనే కూచొనుండె. బటానీలు గూడా పెట్టినాడు. బాగుండాయి" అన్నాడు.

కార్యదర్శికి చెప్తే, "బస్సులో కనపడటం వేరు, విలాసంలో ఉండటం వేరు" అన్నాడు. ఆ రోజు నేను మధ్యాహ్నం జొహర్ నమాజులో దేవుణ్ణి ప్రత్యేకంగా ఒకటే అడిగాను, నా నోరు అదుపులో పెట్టమని.

ఈ లోపల కమిషన్ గడువు అయిపోయింది. పొడిగించారు. మళ్ళీ అయిపోయింది. చివరి పొడిగింపులో జడ్జిగారికి కోపమొచ్చింది. ఆయన్ను నేను కోపంగా చూసింది ఆ ఒక్కసారే. పై అధికారికి స్వయంగా ఫోను చేసి, ఈ మనిషి వచ్చే వాయిదాకు రాకపోతే, ఎందుకు రాలేదో మీరొచ్చి నాకు చెప్పాలి అన్నారు. మనిషి విలాసంలో దొరికాడు.

ఆ రోజు హాలు నిండింది. ఆమె ముందు వరుసలో బెంచీ మీద కూర్చుంది. హెడ్ కానిస్టేబుల్ పొడుగు మనిషి, మీసం తెల్లబడింది, మెడలో తులసిపూస. ప్రమాణం చేసి, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. ఫలానా వ్యక్తిని విచారణ నిమిత్తం తీసుకురావడమైనది, సాయంత్రం పంపించివేయడమైనది. నోటి మాటలో ఎవరూ అట్లా 'అయినది' అనరు.

జడ్జిగారు అడిగారు. "ఆ మనిషి నడిచి బయటికి పోవడం మీరు కళ్ళతో చూశారా?"

"రికార్డులో అట్లే ఉండాది సార్."

"రికార్డు నేనూ చదివాను. మీరు చూశారా?"

ఆయన తల దించుకుంటే ముందు వరుస కనిపించింది. ఆమె కొంగు సర్దుకుని, రెండు చేతులూ ముందున్న బల్ల మీద పెట్టింది. గాజులు బల్లకు తగిలి మోగాయి. అంతే. ఆయన ఆ చేతుల వైపు ఎంతసేపు చూశాడో నేను చెప్పలేను.

"గాజులు తీసేయమ్మా" అన్నాడు.

ఆ మాట వినగానే నా నోటి నుంచి, నాకు తెలియకుండానే, చావు కబురు విన్నప్పుడు మావాళ్ళు అనే మాట వచ్చింది. దేవుడి దగ్గరి నుంచి వచ్చాము, ఆయన దగ్గరికే తిరిగి పోతాము అని. మెల్లగానే అన్నాను. ప్లీడరుకు వినపడింది.

"సార్! అనువాదకురాలు ఏదో అన్నారు. అది రికార్డులోకి రాకూడదు."

"ఏమన్నారమ్మా?" అన్నారు జడ్జిగారు.

"ప్రార్థన సార్. నా సొంతం."

"ప్రార్థన రికార్డు చేయక్కర్లేదు. సాక్షి అన్నది మీరే ఇంగ్లీషులో చెప్పండి."

చెప్పాను. గాజులు తీసేయమన్నాడు అని, ఇంగ్లీషులో, ఉన్న మాటకు ఉన్న మాట.

"అంటే?"

ప్లీడరు మళ్ళీ లేచాడు. "మాట చెప్పడమే అనువాదకుల పని. అర్థం చెప్పే అధికారం వారికి లేదు."

నిబంధన ప్రకారం ఆయన అన్నదే న్యాయం. నాకు ఎక్కడ కాలిందంటే అక్కడే కాలింది. ఆ హాల్లో ఉన్న ప్రతి మనిషికీ ఆ మాటకు అర్థం తెలుసు. జడ్జిగారిదీ తెలుగు ఇల్లే. ప్లీడరుకూ ఇంట్లో తల్లి ఉంది. అందరికీ అర్థమైపోయిన మాటను అర్థం కానట్టు పట్టుకుని కూర్చోవడానికి ప్రభుత్వం మాకందరికీ జీతాలిస్తోంది!

ఆమెకు మా గొడవతో పని లేదు. ఆయన్నే చూస్తోంది.

"ఎప్పుడప్పా?"

"ఆ పొద్దే అమ్మా."

"ఆ పొద్దేనా?" అంది. "మరి ఇన్నేండ్లు నాతో వరలక్ష్మి పూజలు చేపిస్తిరే. ప్రతి ఏడూ కూచొని చేస్తి గదప్పా. ఒక్కరన్నా వచ్చి వద్దని చెప్పకూడదా?"

"ఒక సాక్షి ఇంకో సాక్షిని ప్రశ్నించరాదు" అని ప్లీడరు అంటున్నాడు. జడ్జిగారు ఆయన్ను చేత్తో ఆపి, హెడ్ కానిస్టేబుల్‌ను సూటిగా అడిగారు.

"ఆ మనిషి స్టేషన్‌లో చనిపోయాడా? ఎవరి చేతిలో? శవాన్ని ఏం చేశారు?"

ఆయన మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. మళ్ళీ పోలీసాయన అయిపోయాడు.

"చెప్పాల్సినామెకు చెప్పినా సార్. ఇంగ మీరేం రాసుకుంటారో రాసుకోండి."

ఎన్ని విధాలుగా అడిగినా, బెదిరించినా, అంతకు మించి ఒక్క అక్షరం రాలేదు. తరువాత అడిగిన ప్రతిదానికీ "రికార్డులో ఉండాది సార్" అన్నాడు. ఆమెకు భర్త చావు చెప్పే ధైర్యం ఆయనకు ఎక్కడి నుంచో వచ్చింది. తోటివాళ్ళ పేర్లు చెప్పే ధైర్యం రాలేదు. సగం నిజం చెప్పి మిగతా సగం జేబులోనే ఉంచుకున్నాడు. ఆయన మీద నాకు ఎంత కోపమో, ఆ ఒక్క మాట అన్నందుకు అంత కృతజ్ఞత. ఈ రెండూ ఒకే మనిషి మీద పెట్టుకుని బతకడం ఎంత చిరాకో మీకు ఏ శిక్షణలోనూ చెప్పరు.

ఆమె లేచి నా దగ్గరికొచ్చింది. "అక్కా, కొంచెం బయటికి రా."

సత్రం వెనక కొళాయి ఉంది. అక్కడ చేతులు చాచింది. "పగలగొడతానంటి గాని, ఓపిక లేదక్కా. మెల్లగా తీయి. మావాళ్ళకు చెప్తే ఇప్పుడే వద్దంటారు, దినం చూడల్లంటారు, వీధంతా రచ్చ చేస్తారు. నువ్వైతే నోరెత్తకుండా కమ్మగుంటావు."

గోడ మీద సబ్బు ముక్క ఉంటే తీసుకున్నాను. ఆమె చేతులు తడిపి, సబ్బు రాసి, వేళ్ళు దగ్గరికి నొక్కి ఒక్కొక్కటే లాగాను. మగ్గం నేసిన చేతులు, కణుపులు గట్టిపడి ఉన్నాయి. కొన్ని సులువుగా వచ్చాయి, కొన్ని చర్మం గీసుకుంటూ వచ్చాయి. ఒక్కటీ పగలలేదు. ఆమె అప్పుడు ఏడ్చింది, మొదటిసారి. నేనూ ఏడ్చాను. లోపలి నుంచి కార్యదర్శి కేకలు వేస్తున్నాడు: "అనువాదకురాలు ఎక్కడ? వాంగ్మూలం చదివి వినిపించాలి! జడ్జిగారికి టైమైపోతోంది!"

"పో అక్కా, పిలుస్తాండారు" అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

"అరవనీ" అన్నాను. నా సర్వీసు మొత్తంలో పై అధికారి కేకకు కదలకుండా నిలబడింది ఆ ఒక్కసారే.

లోపలికి పోయేసరికి టైపిస్టు మిషను మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, కొట్టకుండా. "ఏమక్కా, ఎట్ల కొట్టేది దీన్ని?" అన్నాడు నెమ్మదిగా. సాక్షి ఒక మహిళకు ఆమె గాజులు తొలగించుకొమ్మని సలహా ఇచ్చెను అని ఇంగ్లీషులో ఉంది. జడ్జిగారు దాన్ని కొట్టేయించి, మళ్ళీ నా చేత తెలుగులో రాయించారు. ఆ రెండు మాటలు, 'ఎప్పుడప్పా' నుంచి 'ఆ పొద్దే' దాకా ఇంకొన్ని. హెడ్ కానిస్టేబుల్‌కు చదివి వినిపించాను. కాదనలేదు. చక్కగా సంతకం పెట్టి, వచ్చినట్టే బస్సెక్కి పోయాడు.

నివేదిక తయారై పైకి పోయింది. టైప్ చేసింది మావాడే కనుక నాకు తెలుసు. ఆమె కేసు గురించి ఒకే పేరా. పరిస్థితులు బలమైన అనుమానానికి తావిస్తున్నవి, ప్రత్యక్ష సాక్ష్యం లభ్యం కాలేదు. జడ్జిగారు తనకు చేతనైనంత దూరం వచ్చి ఆగారని నా నమ్మకం. అంతకంటే ముందుకు నడవడానికి ఆయన కింద నేల లేదు. నివేదిక బయటికి రాలేదు. ఎప్పుడు అడిగినా పరిశీలనలో ఉంది అన్నారు. పరిశీలించేవాళ్ళు మారారు, ప్రభుత్వం మారింది, నేను రిటైరయ్యాను.

రిటైరైన మరుసటేడు మా మేనకోడలి పెళ్ళికి చీర కోసం ధర్మవరం పోయాను. ఆ వీధిలోకి పోయి ఆమెను చూడకుండా రాలేకపోయాను. మగ్గం గుంతలో కూర్చుని నేస్తోంది. నుదురు బోడిగా ఉంది, చేతులు ఖాళీ. మనిషి మాత్రం నిబ్బరంగా ఉంది. నన్ను చూసి, "రా అక్కా, కూచో" అని చాప చూపించింది. నీళ్ళిచ్చింది. ఆయనకు ఆ ఏడే దినకర్మలు చేయించానని, అప్పటి నుంచి రాత్రిపూట తలుపు చప్పుడైతే లేచి కూర్చోవడం మానేశానని చెప్పింది. చీర ఎట్లాంటిది కావాలి, ఏ రంగు, ఎవరి దగ్గర బాగుంటుంది, ఇవన్నీ అయ్యాక అడిగింది.

"మీ రిపోర్టు ఏమాయనక్కా?"

సిగ్గుగా అనిపించింది. "ఇంకా పరిశీలనలో ఉందంట" అన్నాను.

ఆమె పోగు ముడి వేస్తూ ఆగింది. నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, తెలివి తక్కువ పిల్లవాణ్ణి చూసి నవ్వే నవ్వు.

"పాపం. నాకు ఆ పొద్దే తెలిసిపాయె. మా వీధికంతా తెలుసు. గవర్నమెంటుకొక్కదానికే ఇంగా తెలీదు. ఎవురన్నా పోయి చెప్తే బాగుండు" అంది, మళ్ళీ నేత అందుకుంది.